బిందె మీది సొట్ట

ఎవరింట్లో కుళాయి బాగుచేసినా ఆ ప్లంబరుకి తన తోడల్లుడి ఊసు ఎత్తనిదే పని సాగదు. "పెరట్లో మొక్కకి గొయ్యి తవ్వుకుంటే రాగి బిందె దొరికిందండీ మావాడికి, నిండా వెండి నాణేలు. రాసిపెట్టి ఉండాలి," అంటూ కుళాయిని ఇంకో చుట్టు బిగిస్తాడు. ఒక్కోసారి అది విరిగి చేతికొస్తుంది. ఎప్పుడో రాజుల కాలంనాటి అంతర్యుద్ధం రోజుల్లో ఎవరో పాతిపెట్టి, తిరిగి రాలేకపోయిన సొత్తు అది. ఇప్పుడు మ్యూజియంలో అద్దాల వెనక ఉంది, పైన తోడల్లుడి ఫొటోతో సహా. సర్కారిచ్చిన బహుమతి డబ్బుతో మరదలు కొత్త గాజులు చేయించుకుంది. వాటి గురించి భార్య పల్లెత్తు మాట అనదు. ఆ అనకపోవడమే అతనికి కంట్లో నలుసు.

మొన్న రెండు కుటుంబాలూ కలిసి మ్యూజియానికి వెళ్లాయి. తోడల్లుడు బిందె మీది సొట్ట చూపించి, "అప్పటి సిపాయిల కత్తి దెబ్బ అయ్యుంటుంది అన్నయ్యా," అన్నాడు. ప్లంబరు అద్దం దగ్గరికి వంగి చూశాడు. ఆ సొట్ట తన గునపానిది. రెండేళ్ల కిందట అదే పెరట్లో పైపు వేస్తుంటే మూలలో ఖంగుమంది. రాయేలే, ఎవడు పెకిలిస్తాడని బద్ధకించి, ఎల్బో పెట్టి పైపుని పక్కకి తిప్పేశాడు.

"మాట్లాడరేం, కత్తేనంటారా?" అంది భార్య.

"కత్తే," అన్నాడు. "కొట్టిన వెధవ ఇంకొక్క దెబ్బ వేసుండాల్సింది."