అవతలి తాడు

దయ్యాలనూ మహిమలనూ నేనెప్పుడూ నమ్మలేదు. క్రైస్తవురాలినయ్యాక అసలే నమ్మలేదు. అలాంటి కబుర్లు చెబితే మా పాస్టరయ్య కూడా కసురుకునేవాడు. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను. పిచ్చిదనుకునేవాళ్లు అనుకోండి, నాకేమీ పోదు.

మాది బీదర్ దగ్గర మంజీర ఒడ్డున ఒక పల్లె. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన కొత్తలు. నేనూ, మా వదిన సంగమ్మా పటేలు పొలంలో గూడ వేసేవాళ్లం. గూడ అంటే కాలువ నీళ్లను పైమడిలోకి ఎత్తే బుట్ట. దానికి రెండు పక్కలా తాళ్లుంటాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఊపితేనే నీళ్లు లేస్తాయి. ఒక్కరే లాగితే బుట్ట బోర్లా పడుతుంది.

మొదటి గూడకు దేవుడి పేరు పలకడం మా దగ్గర ఆనవాయితీ. వదిన మల్లన్న పేరు పలికేది. బాప్తిస్మం తీసుకుని ఏడాదైనా నేను ఉత్తగా పెదవులు కదిపేదాన్ని. మా గుడిసె పటేలు జాగాలో ఉంది మరి. ఆదివారం గొంతు పోయేలా పాడి, సోమవారం నోరు మూసుకునే నా బతుకు మీద నాకే రోత పుట్టింది. నీ పేరు పైకి చెప్పే ధైర్యం ఇయ్యి తండ్రీ అని రోజూ అడిగేదాన్ని.

ఒక పొద్దున వదిన నోరు తెరిచేలోపే "యేసయ్యా" అని గట్టిగా అన్నాను. పటేలు గట్టు మీదే ఉన్నాడు. తెలిసే అన్నాను.

ఆయన అరవలేదు. "సంగమ్మా, తాడు ఇడిచి మిరపమడిల కలుపుకు పో" అన్నాడు. తర్వాత నా దిక్కు తిరిగాడు. "పేరు తీసినవు గదా, ఆయన్నే అటు పట్టమను. పొద్దుగూకే వరకు ఉల్లిమడి తడవకుంటే గుడిసె ఖాళీ చెయ్యి."

"అట్లనే పటేలా" అన్నాను.

ఆయన వెళ్లాక వదిన ఏడుస్తూ వచ్చింది. "తప్పైందని చెప్పు పిల్లా. ఒక్క మాటనే గదా."

"ఒక్క మాటనే వదినా. గందుకే ఎనకకు తీసుకోను."

అవతలి తాళ్లు మట్టిలో పడి ఉన్నాయి. నా పక్క తాళ్లు పట్టుకుని, మళ్లీ ఆ పేరే పలికి, మొండిగా ఊపాను. బుట్ట బోర్లా పడాలి. పడలేదు. నిండుగా లేచి మడిలో కుమ్మరించింది.

అవతలి పట్టు నా చేతులకు తెలిసింది. వదినది తొందర చెయ్యి. ఇది నిదానంగా, నా ఊపు కోసం ఆగి లాగింది. తల ఎత్తి చూడటానికి భయం వేసింది, దాచను. బుట్ట మీదే కళ్లు పెట్టి ఊపుతూ పోయాను.

సాయంత్రం పటేలు ఉల్లిమడిలో అడుగుపెడితే కాలు చీలమండ దాకా దిగింది. ఎవరు సాయం పట్టారని కూలీలందర్నీ అడిగాడు. ఎవరూ రాలేదన్నారు. నేను తల దించలేదు. గుడిసె మాట మళ్లీ ఎత్తలేదాయన.

ఆ రోజంతా మిరపమడిలోంచి చూసింది వదినొక్కతే. ఇంటికొచ్చాక ఒక్కసారే చెప్పింది. "తాళ్లు బిగుసుకొని ఉన్నయి. మనిషి లేడు." మర్నాడు తనే వచ్చి తాడు పట్టుకుని, "నువ్వే పలుకు" అంది. పలికాను.

తాళ్లు ఏ వేరుకో తట్టుకున్నాయేమోనని ఆ గట్టంతా వెతికాను. వేరు లేదు, మోడు లేదు. పాస్టరయ్యను అడిగితే, "నాకు తెల్వదమ్మా" అన్నాడు. నాకూ ఇప్పటికీ తెలియదు. నేను ధైర్యం ఇమ్మన్నాను గానీ తాడు పట్టమని అడగలేదు.

అబద్ధమనేవాళ్లు రండి. ఒక్కరే ఒక పక్క నిలబడి, ఒక్క గూడ నీళ్లు ఎత్తి చూపించండి.