తదనంతరం ప్లీడరు

మా బావగారికి ఏ మనిషి కనబడినా, ఏ వస్తువు కనబడినా నోటికొచ్చే ప్రశ్న ఒక్కటే: "మీ తదనంతరం ఇది ఎవరికి?" ఆయన వీలునామాలు రాసే ప్లీడరు. చావు మాట ఎత్తకుండా చావు సంగతి అడగడానికి ఇంతకన్నా మర్యాదైన పదం లేదని ఆయన నమ్మకం. వినేవాళ్లకు మాత్రం గుండె గుభేల్మంటుంది.

మా అక్కను చేసుకుంటానని అడగడానికి ఇంటికి వచ్చిన రోజునే నాన్న కూర్చునే పడక్కుర్చీని నిమిరి, "బాగుందండీ. మీ తదనంతరం?" అన్నారు. నాన్న మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లి గుండె చూపించుకుని వచ్చారు. "కుర్రాడు మంచివాడే. కాస్త తొందరెక్కువ," అన్నారు అమ్మతో.

మొదట్లో ఆయన క్రిమినల్ కేసులు చూసేవారు. ఓ కొట్లాట కేసులో ఎదుటి పక్షం సాక్షిని, "మీకు సొంతిల్లుందా? మీ తదనంతరం ఎవరికి పోతుంది?" అని అడిగారు. సాక్షి బోనులోనే వణికిపోయి, "అయ్యా, నన్ను చంపుతామంటున్నారు!" అని జడ్జికి దణ్ణం పెట్టాడు. "ప్లీడరు గారూ, ఈ ప్రశ్న వినడానికి తమంతట తాము మీ గుమ్మం ఎక్కేవాళ్లుంటారు. వాళ్లను వెతుక్కోండి," అన్నారట జడ్జి. బావగారు ఆ చీవాట్లను సలహాగా తీసుకున్నారు.

ఆఫీసు మూసినా ఆ ప్రశ్నకు సెలవు లేదు. బస్సులో ఓ పెద్దమనిషి మీదికి వంగి, "మీ తదనంతరం ఈ సీటు..." అనేసరికి ఆయన సీటుతో పాటు బస్సే వదిలేశాడు. పార్కులో నడిచేవాళ్లు బావగారు ఎదురైతే గడ్డిలోకి మళ్లుతారు. అక్క ఒక్కతే అలవాటు పడింది. "ముందు పళ్లెం ఖాళీ చేయండి. నా తదనంతరం తర్వాత చూద్దాం," అంటుంది.

ఒకసారి సాక్షి సంతకం కోసం నన్ను వెంటబెట్టుకుని ఓ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి వెళ్లారు. ఆవిడ ఉండేది మేడ మీద, కింది వాటాలో చెల్లెలు. అక్క పాట మొదలెడితే తాను కిటికీలు మూసుకుంటానని చెల్లెలు ఎవరితోనో అందట. అది అక్కగారి చెవిన పడ్డప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇల్లు అక్కగారిది, చెల్లెలికి వేరే గూడు లేదు. ఇల్లు చేతికొస్తే అమ్మేద్దామని మేనల్లుడు అప్పుడే బేరాలు మొదలెట్టాడు.

"రాయండి. ఇల్లంతా మేనల్లుడికే. కింద ఉన్నది తన సామాను సర్దుకుని పోవచ్చు," అంది హెడ్‌మిస్ట్రెస్.

"అలాగేనమ్మా," అని కలం తీసిన బావగారు ఆవిడ ఒళ్లో నిద్రపోతున్న పిల్లిని చూశారు. "మీ తదనంతరం పిల్లి ఎవరికి?"

నేను కళ్లు మూసుకున్నాను.

"అదీ వాడికే."

"ఆయనకు పిల్లులు అలవాటేనా?"

"ఎక్కడ! దీన్ని చూస్తే చాలు, వాడికి తుమ్ములు."

"అయితే బయటికి తోలేస్తాడు."

"తోలేస్తాడా!" ఆవిడ పిల్లిని గుండెకు హత్తుకుంది. "కింద దానికి రాయండి. పాలు కాచి, చల్లార్చి మరీ పోస్తుంది."

"కింద దానికి అంటే చెల్లదమ్మా. ఎవరని రాయను?"

ఆవిడ పిల్లి తల నిమిరింది. "మా చెల్లికి."

"మంచిది. చెల్లెలు గారు వెళ్తూ వెళ్తూ తీసుకుపోతారు."

"పిల్లి ఇల్లు మారదండీ! ఎక్కడ వదిలినా ఇక్కడికే వస్తుంది."

"అంటే పిల్లి ఇంట్లో, చెల్లెలు వీధిలో. మరి పాలు ఎవరు పోస్తారమ్మా? అది తేలకపోతే రేపు వీలునామా మీద పేచీ వస్తుంది."

"మీరు వీలునామా రాయడానికొచ్చారా, నా ప్రాణం తోడడానికొచ్చారా?" అంటూ ఆవిడ పిల్లిని చంకనెత్తుకుని విసవిసా మెట్లు దిగింది. వెనకే మేమూ దిగాం. ఆవిడ కింది తలుపు దబదబా బాదింది.

"ఎవరూ?"

"నేనేనే. పిల్లి గురించి మాట్లాడాలి."

"అయ్యో, పిల్లికేమైందక్కా?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది. నాకే ఏదో అవుతుందని ప్లీడరు గారి బెంగ."

తలుపు తెరుచుకుంది. "ఇల్లు వాడికి రాసేస్తున్నావటగా?" అంది చెల్లెలు.

"తుమ్ములవాడికి ఇల్లెందుకే! పక్కకు జరుగు, లోపలికి రానీ."

"బావగారూ, నా సంతకం?" అన్నాను.

"నోర్మూసుకుని నడు," అని బావగారు నా చెయ్యి పట్టుకుని చప్పుడు కాకుండా వీధిలోకి లాక్కొచ్చారు. ఎవర్నీ ఏమీ అడక్కుండా ఆయన ఒక గుమ్మం దాటడం నేను చూసింది అప్పుడే.