ఒక మెట్టు కింద

ఆవిడది తిట్లు తినే ఉద్యోగం. ఫ్రిజ్ చల్లబడకపోయినా, వాషింగ్ మెషిన్ మొరాయించినా, జనం ఫోనెత్తి ఒంటికాలి మీద లేచేది ఆవిడ మీదే. అదీ ఇంగ్లీషులో. కోపమొస్తే మనవాళ్ల నోట ఇంగ్లీషు దానంతటదే ఊడిపడుతుంది మరి!

కొత్తలో ఆ మాటలన్నీ ఆవిడకు ఒకటే. ఇప్పుడలా కాదు. అనాయిడ్ అంటే చిరాకు, అప్‌సెట్ అంటే నొచ్చుకోవడం, ఫ్యూరియస్ అంటే అగ్గి మీద గుగ్గిలం. 'మై బ్లడ్ ఈజ్ బాయిలింగ్' అన్నవాడు కాసేపు అరిచి చల్లారతాడు. 'దిస్ ఈజ్ ద లాస్ట్ స్ట్రా' అన్నవాడికి ఇక బ్రహ్మదేవుడు చెప్పినా ఎక్కదు.

ఆఫీసులో ఒక పద్ధతుంది. అవతలివాళ్ల కోపాన్ని ఒక మెట్టు దించి వాళ్లకే అప్పజెప్పాలి. ఫ్యూరియస్ అని అరిస్తే, "మీరు అప్‌సెట్ అయ్యారని అర్థమైంది సర్" అనాలి. విచిత్రమేమిటంటే, చాలామంది నిజంగానే దిగొస్తారు. పదేళ్లుగా ఊరివాళ్ల కోపాలు దించీ దించీ, ఆవిడకు తను కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేకుండా పోయింది.

ఆ రోజు కూతురి ఈత పోటీ. వస్తానని మాటిచ్చింది. తీరా బ్యాగు భుజాన వేసుకోగానే సూపర్‌వైజర్ "ఒక్క గంట ఉండండి మేడమ్" అన్నాడు. కాదనలేక మళ్లీ కూర్చుంది. ఇంటికొచ్చేసరికి పిల్ల తడి జుట్టుతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ప్రతిసారీ ఇంతే నువ్వు! అందరి అమ్మలూ వచ్చారు. నిన్ను చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది నాకు!"

ఆవిడ చెప్పులు విప్పుతూ, ఆలోచించకుండానే అనేసింది. "కొంచెం చిరాగ్గా ఉన్నట్టున్నావు. అర్థమైంది."

నోరు జారాక గానీ ఏమన్నదో తెలియలేదు. పిల్ల నివ్వెరపోయి చూసింది. ఎర్రబడ్డ మొహం మెల్లగా మామూలైంది. "పర్లేదులే అమ్మా," అంది మర్యాదగా. లోపలికి వెళ్లి తువ్వాలు ఆరేయసాగింది.

అరిచేవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తారు. మర్యాదగా పర్లేదన్నవాళ్లే ఇంకో కంపెనీ చూసుకుంటారు. ఆ సంగతి ఆవిడకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? కాళ్లీడ్చుకుంటూ వెనకాలే వెళ్లింది.

"తిట్టవే," అంది. "ఇందాక మొదలుపెట్టావుగా, కడుపులో ఉన్నదంతా కక్కెయ్. నేనేం అనను."

పిల్ల తువ్వాలు మడత సరిచేసింది.

"ఏం లేదమ్మా. నువ్వు అలిసిపోయుంటావు, అర్థమైంది. కాసేపు పడుకో."