మత్తడి దుంకిన ఏడు నిర్మల తీసిన ఫోటో

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు నిండి మత్తడి దుంకిన రోజు ఊరంతా కట్ట మీదే ఉంది. ఆడవాళ్లు గంగమ్మకు బోనాలు తెచ్చారు, మగవాళ్లు ఏటలు కోశారు. దశరథ చెప్పులు విడిచి నీళ్లకు దండం పెట్టి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కోడలు నిర్మల మాత్రం మెడలో కెమెరా వేసుకుని, మూతి ముడుచుకుని, ఆ నీళ్లవంక చూస్తూ నిలబడింది.

నిర్మల బస్టాండు దగ్గరి రక్తపరీక్షల సెంటర్లో పనిచేస్తుంది. చిన్నమ్మ కొడుకు క్రాంతికుమార్ ఫోటో స్టూడియో మూసేస్తూ పాత కెమెరా ఒకటి ఆమెకిచ్చాడు. మొదట్లో ఇంట్లో పుట్టినరోజులకే అది బయటికొచ్చేది. ఒక పొద్దున స్కూటీ మీద డ్యూటీకి పోతుంటే చెరువు మడుగులో ఒక పిట్ట కనబడింది. నల్ల రెక్కలు, తెల్లటి ఒళ్లు, చీపురుపుల్లల్లాంటి గులాబీరంగు కాళ్లు. కదలని నీళ్లలో తన నీడ మీద తానే నిలబడినట్టుంది. ఉల్లంకి జాతిదని ఆమెకు తర్వాత తెలిసింది. ఆ రోజు డ్యూటీకి ఆలస్యమై మాటలు పడింది. పడినా ఆ పిట్ట కళ్లలోంచి పోలేదు.

అప్పట్లో చెరువంటే మోకాలిలోతు మడుగులే. పిట్టలు బోలెడు, కానీ ఆమె లెన్సు పొట్టిది. ఎంత దగ్గరికి పాకినా ఫోటోలో తెల్లచుక్కలే పడేవి. బోరు మోటార్లు బాగుచేసే భర్త రమాకాంత్ ఆ ఫోటోలు చూసి, ఇందులో పిట్టేది, ప్లాస్టిక్ కవరేదని అడిగాడు. ఆమెకు రోషం వచ్చింది. కూడబెట్టి, కూడబెట్టి ఒక ఎండాకాలం పెద్ద లెన్సు తెప్పించుకుంది. ఆ వెనకే వానలు మొదలయ్యాయి. చెరువు నిండేదాకా వదల్లేదు. మోకాలిలోతులో నిలబడి మేసే పిట్ట తాటిచెట్టు మునిగే నీళ్లలో ఏం చేస్తుంది? లేచిపోయింది.

"చెరువు నిండితే ఏడ్చేదానివి ఈ ఊర్ల నువ్వొక్కదానివే బిడ్డా" అన్నాడు దశరథ, మత్తడి దుంకిన నాటి సాయంత్రం. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అర్థంకాక అన్నాడు. చెరువు కింది ఆయన పొలం ఏళ్లతరబడి బీడుపడి ఉంది. అలాంటి మనిషికి నీళ్లు ఎక్కువయ్యాయని ఏ నోటితో చెప్తుంది?

చలికాలమంతా సెలవు దొరికినప్పుడల్లా ఆ పిట్టలను వెతుక్కుంటూ తిరిగింది. కొంగరకలాన్ వైపు ఒక కుంట చుట్టూ ప్లాటు రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టారు. ఆ జెండాల టపటపకు కొంగ కూడా వాలడం లేదు. కందుకూరు దారిలో ఇంకో కుంటలో పిట్టలు దొరికాయి. కెమెరా స్టాండు దింపిందో లేదో, మోటారు సైకిళ్ల మీద మనుషులు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఏ వెంచరుకు సర్వే, రోడ్డు ఎటు పోతుందని ఒకటే అడుగుడు. పిట్టల ఫోటో అంటే ఎవరూ నమ్మలేదు. రేటు పెరిగేటట్టుంటే జర చెప్పమని ఒకాయన ఫోన్ నంబరు కూడా ఇచ్చిపోయాడు. అప్పటికి కుంట ఖాళీ.

యాసంగి పంటకు తూము తెరిచారు. వరికి నీళ్లు పారి, కోతలనాటికి చెరువు ఆ చివర బురద తేలింది. పిట్టలు తిరిగొచ్చాయి. ఒక జంట బురదదిబ్బ మీద గుడ్లు పెట్టింది. నిర్మల తెల్లారకముందే పోయి, పాత ఆకుపచ్చ చీర కప్పుకుని తుమ్మపొద వెనక బోర్లా పడుకునేది. మొదట్లో మోచెయ్యి కదిపినా లేచిపోయేవి. మెల్లగా అలవాటుపడ్డాయి. గుడ్లు పగిలాక ఒక పొద్దున తల్లి ఎంత దగ్గరికి వచ్చిందంటే దాని ఎర్రటి కన్ను కూడా కనబడింది. వెనకే దూదిపింజలాంటి పిల్ల. అది తల్లి పొట్టకింద తల దూర్చబోయింది. నిర్మల ఊపిరి బిగబట్టి మీట మీద వేలు పెట్టింది.

వెనకనుంచి చప్పట్లు వినబడ్డాయి. పిట్టలు అరుచుకుంటూ లేచిపోయాయి. తిరిగి చూస్తే భుజం మీద పారతో దశరథ, ముఖం నిండా నవ్వు.

"తియ్యి బిడ్డా, ఎగురుతున్నయ్ సూడు. కూసున్న పిట్టను తీస్తే ఏమొస్తది?"

"నిన్నెవరు రమ్మన్నరు మామా? ఏడాది సంది గీ ఒక్కదానికోసం సస్తున్న. జర ఆగితే నీ సొమ్మేం పోతుండె?"

ఆయన నవ్వు ఆరిపోయింది. పార ఇంకో భుజానికి మార్చుకుని పొలం దిక్కు నడిచాడు.

తర్వాత ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు. కూర కావాలన్నా ఆయన కొడుకుతో అడిగించేవాడు. తానన్న మాటకు నిర్మలే నొచ్చుకుంది గానీ కోపం మాత్రం దిగలేదు. చివరికి ఒక సాయంత్రం ఆయనే గడపలో కూర్చుని, అసలు నీకు ఏం ఫోటో కావాలని అడిగాడు. ఆమె పాత తెల్లచుక్కలు చూపించి, తల్లి పొట్టకింద పిల్ల సంగతి చెప్పింది.

"కోడి పిల్లలను రెక్కల కింద కప్పుకున్నట్టా?"

"అవ్ మామా, గట్లనే."

"గట్లయితే సప్పుడు కావొద్దు" అన్నాడు దశరథ, అంతా ఇప్పుడే తెలిసినట్టు.

మరునాటి పొద్దున్నే బాటకు అడ్డంగా కాపలా నిలబడ్డాడు. ఊళ్లో బర్రెలు కాసే నారయ్య వాటిని నీళ్లకు తోలుకొచ్చాడు. దశరథ గుసగుసగానే ఆపాడు. చెరువు ఎప్పటినుంచి నీ కోడలిదైందని నారయ్య అడిగాడు. దశరథ గొంతు లేచింది, నారయ్య గొంతు ఇంకా లేచింది. ఆ పంచాయితీ కట్ట దాకా వినబడింది. పిట్టలు లేచిపోయాయి. నిర్మల పొద వెనక నుదురు నేలకు ఆనించి అట్లాగే పడి ఉంది.

మామ నోరు మెదపకుండా కూర్చోవడం నేర్చేసరికి ఎండలు ముదిరాయి. పొద్దెక్కకముందే బురద మీద సెగ లేచి, లెన్సులో అన్నీ ఈదినట్టు కనబడేవి. పిల్ల కాళ్లు సాగి తల్లి కింద పట్టకుండా అవుతోంది. అయినా ఒక రోజు అది ఎట్లాగో ముడుచుకుని దూరింది. బయటికి కాళ్లు మాత్రం కనబడుతూ, తల్లికే నాలుగు కాళ్లున్నట్టు. నిర్మల వరసబెట్టి తీసింది.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే అన్నీ మరిగే నీళ్లలోంచి చూసినట్టున్నాయి. ఒక్క ఈక కూడా తేటగా లేదు. పళ్లు బిగబట్టి ఒక్కొక్కటే తుడిచేసింది. ఆఖరుదాని దగ్గర పక్కనున్న దశరథ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"గిదుండనియ్యి."

"బాగలేదు మామా. మసక."

"నాకు లోకమంత మసకనే బిడ్డా. పిల్ల కాళ్లయితే కనబడుతున్నయ్."

తన ఫోన్లో వేయించుకునేదాకా ఆయన కదల్లేదు. వారం తిరక్కుండా ఆ ఫోటో హోటల్లో, ఆయకట్టులో అందరి ఫోన్లకూ ఎక్కింది. నారయ్య సైతం స్కూటీ ఆపించి మస్తుందన్నాడు. మెచ్చుకున్న ప్రతిసారీ నిర్మలకు ఒళ్లు మండేది. మంచిగా వచ్చింది ఒకటీ లేదు, రానిది ఊరంతా తిరుగుతోంది. హోటలు ముందునుంచి పోవడం మానేసి వెనక గల్లీ పట్టింది.

ఒకరోజు సెంటర్లో రక్తం ఇయ్యడానికి వచ్చిన ముసలామె చెయ్యి చాపి, నాలుగు కాళ్ల పిట్టను తీసింది నువ్వేనా అని సంబరంగా అడిగింది.

"అది సక్కగ రాలేదవ్వా" అంది నిర్మల. "పిడికిలి గట్టిగ బిగియ్యి."