గోడ మీద ఆముదం మరక

మా ఆయనకు వెన్నునొప్పి ఉండేది. ధ్యానం చేసేవాడు నిటారుగా కూర్చోవాలట, గోడను ఆనకూడదట. ఆ మాట చెప్పేదీ ఆయనే, ఆనేదీ ఆయనే. పొద్దు పొడవకముందే లేచి తలకు ఆముదం పట్టించుకుని, వసారాలో పీట వేసుకుని, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకునేవాడు. వచ్చే ఊపిరిని, పోయే ఊపిరిని చూస్తున్నాననేవాడు.

“గోడకానుకుని కూచుంటే నిద్దరొస్తది గానీ జ్ఞానం వస్తదా?” అనేదాన్ని.

“ఊకోయే. వాన్ని గట్లనన్న జరసేపు కూసోని,” అనేది మా అత్త పొయ్యి దగ్గర నుంచి.

ఏళ్ళ తరబడి అలా ఆనించగా గోడ మీద ఆయన తల ఎత్తున గుండ్రటి మరక పడింది. ఏటా సున్నం వేసేదాన్ని. పది రోజులకు మళ్ళీ పసుపు పచ్చగా పైకి తేలేది. “మీ కొడుకు చేస్తున్న పుణ్యం ఇదే, నాకు పని పెంచడం,” అని అత్తతో తగువు పడేదాన్ని.

ఆయన సూర్యాపేట బడిలో డ్రాయింగు మాస్టరు. పెళ్ళికి ముందు, తుంగతుర్తి అవతల గుట్ట మీద పాత బౌద్ధ స్తూపం తవ్వకాలు జరిగినప్పుడు, బయటపడ్డ ప్రతి రాయికీ బొమ్మ గీసే పని దొరికింది. తవ్వినవాళ్ళు కూలి తీసుకుని ఇళ్ళకు పోయారు. ఈయన బుద్ధుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ గుట్ట కింది ఊళ్ళో ఒక రైతు ఇంట్లో తెల్లరాతి పలక ఒకటి బోర్లా పడి ఉందట, స్నానాల బండగా. తిరగేస్తే చెక్కడం. రెండు కొత్త ధోవతులిచ్చి, దాన్ని బండిలో వేయించుకొచ్చి వసారాలో నిలబెట్టాడు. నేను కాపురానికి వచ్చేసరికి అది నాకంటే ముందే ఆ ఇంట్లో ఉంది.

పలక మీద ఒక గుర్రం. దాని మీద ఎవరో పట్టిన గొడుగు. గొడుగు కింద మాత్రం మనిషి లేడు.

“రౌతేడి?” అని అడిగాను మొదటిసారి చూసినప్పుడు.

“ఉన్నడు. బుద్ధుడు ఇల్లు ఇడిచి పోతుండు. పాతకాలపోళ్ళు ఆయన్ని చెక్కేటోళ్ళు కాదు. గుర్రం, గొడుగు, పీట, పాదాలు, గివి చెక్కి విడిచిపెట్టేది. లేనోన్ని ఉన్నవాటితోని చూడాలె.”

“మొహం చెక్కడం చేతగాక చెప్పిన మాటలే ఇవి,” అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

ఆయన బుద్ధుడు పెద్ద పెద్ద మాటల్లో ఉండేవాడు కాదు. అన్నం మాడి నేను గిన్నె విసిరేస్తే, “కోపం వచ్చింది. వస్తది, ఉంటది, పోతది. దానికి పీట మాత్రం వెయ్యకు,” అనేవాడు. నాకు రెండో కడుపు కూడా నిలవనప్పుడు, నన్ను తన పక్కన గోడకు ఆనించి కూర్చోబెట్టి, దుఃఖాన్ని కూడా అట్లాగే చూడమన్నాడు. చూశాను. అబద్ధమెందుకు, అప్పుడు పనిచేసింది. నెల తిరిగేసరికి మళ్ళీ ఆయనతో తగువు పడగలిగాను.

నవాబు రాజ్యం మారిన ఏడాది, మార్పుకు ముందు వచ్చిన వానాకాలం అది. పల్లెల్లో ఏ దిక్కున చూసినా తుపాకులే. ఆ రోజుల్లో బడికి సెలవు శుక్రవారం. వానలకు గుట్ట మీద కొత్త రాళ్ళు తేలి ఉంటాయని, గీసుకొస్తానని బయలుదేరాడు.

“రాళ్ళెక్కడికీ పోవు, ఇప్పుడొద్దు,” అన్నాను.

“సాయంత్రం బస్సుకు వస్త,” అన్నాడు.

రాలేదు. వారం తర్వాత మేకలు కాసుకునే ఒకాయన వచ్చి, తాను బండ చాటు నుంచి చూసింది, విన్నది మా అత్తకు చెప్పాడు. తుపాకులవాళ్ళు గుట్టెక్కారట. ఎవరి మనుషులో అతనికి తెలియలేదు. మా ఆయన చేతిలో కాగితం లాక్కుని చూశారట. గుట్ట, మెట్లు, దారి, ఏ రాయి ఎక్కడుందో అన్నీ గీతలే. ఇది నక్షా, దాడికి గీసిన పటం అన్నారట. కాదు, రాళ్ళ బొమ్మలు గీసుకుంటున్న అని ఈయన. ఎటు చూసినా తుపాకులున్న రోజుల్లో, వానలో, గుట్టెక్కి బొమ్మలు గీసుకునేవాణ్ణి ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మేదాన్ని కాదు. చేతులు కట్టి తీసుకుపోయారట.

మా బావ, అంటే ఆయన అన్న, మిర్యాలగూడలో బియ్యం మిల్లు గుమాస్తా. బావ, నేను కలిసి హుజూర్‌నగర్ తిరిగాం, మిర్యాలగూడ తిరిగాం, మా పుట్టిల్లు కోదాడ వెళ్ళి అక్కడా అడిగాం. రాజ్యం మారింది. కొత్తగా వచ్చినవాళ్ళను అడిగితే పాతవాళ్ళను అడగమన్నారు. పాతవాళ్ళు ఎక్కడున్నారో వాళ్ళకే తెలియదు.

ఊపిరిని చూస్తూ కూర్చోవాలని ప్రయత్నించాను. ఆయన పీట మీద కూర్చోడానికి మనసొప్పక, పక్కన నేల మీద కూర్చునేదాన్ని. వస్తది, ఉంటది, పోతది అన్నాడు కదా. వచ్చింది, ఉంది. పోవడం మాత్రం ఎంత చూసినా కనబడలేదు.

ఏడాది దాటాక అత్త మంచం పట్టింది. ఒకనాడు నన్ను దగ్గరికి పిలిచి చేయి పట్టుకుంది.

“నా కొడుకు ఏడనో దూపకు అల్లాడుతుండు బిడ్డా. వానికి నీళ్ళు ఇడువకుంట నేను పోతే, గాడ వానికి ఏమని మొకం సూపియ్యాలె?”

“మీ కొడుకు బతికే ఉన్నాడేమో!” అని అరిచాను. మంచంలో ఉన్న మనిషి మీద అరిచాను.

మనిషి జాడ తెలియనప్పుడు పన్నెండేళ్ళు ఎదురుచూసి, ఆ తర్వాతే కర్మ చేయాలంటారు. బావ తల దించుకుని, “పంతులు గూడ గదే అంటుండు. అమ్మ కాడ పన్నెండు నెలలు గూడ లేవమ్మా,” అన్నాడు.

నేను ఒప్పుకుంటేనే జరుగుతుంది. ఒప్పుకుంటే, నా నోటితో నేను ఆయన్ని చంపినట్టు. మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు మా అత్త దూప, దూప అని కలవరిస్తుంటే, తాగమని నీళ్ళిచ్చాను. తాగలేదు. “వానికి,” అంది. సరేనన్నాను.

మూసీ ఒడ్డున మోదుగాకులతో, దర్భలతో మనిషిని చేశారు. తలకు కొబ్బరికాయ పెట్టారు. లేనివాణ్ణి చెక్కకుండా వదిలేసిన శిల్పుల సంగతి ఆయన చెబితే వెక్కిరించినదాన్ని, ఆకులతో చేసిన ఆయన్ని చూసి వెక్కిరించలేకపోయాను. కాలడానికి ఎంతోసేపు పట్టలేదు. నా గాజులు అక్కడే తీశారు.

మైల తీరాక ఇంటికి సున్నం వేయాలి. ఆ ఏడు సున్నం దొరకలేదు. సున్నపు బట్టీ అతన్ని పిలిపిస్తే, వసారాలో పలక చూసి సంబరపడ్డాడు.

“గుట్టరాయి ఉండంగ ఫికరెందుకమ్మా? దీన్ని కాలిస్తే పాల లెక్క సున్నమైతది. మా తాతలంత గా గుట్టరాళ్ళే కాల్సిండ్రు.”

అతని మనసులో కల్మషం లేదు. వద్దని ఒక్క మాట అంటే వెళ్ళిపోయేవాడే. గుర్రం వైపు చూశాను. ఎక్కిపోయినవాడు జ్ఞాని అయ్యాడు సరే, ఖాళీగా తిరిగొచ్చిన గుర్రానికీ, ఇంట్లో మిగిలిన ఆడదానికీ ఏం ఒరిగింది? ఒళ్ళు మండిపోయింది. కోపం వచ్చింది, పీట వేశాను.

“తీసుకుపో,” అన్నాను.

మూడు రోజులకు గంపలో తెల్ల గడ్డలు తెచ్చాడు. ఒక్కదాని మీదా గీత లేదు. కుండలో వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికింది. అప్పుడు ఏడ్చాను, చేతులు సున్నంలో ఉండగానే. ఆయన ఇంట్లో పెట్టుకున్న ఒక్క వస్తువునీ నేనే కాల్పించాను. ఆ సున్నంతోనే ఇల్లంతా వేశాను. మరక మీద మూడు పూతలు వేశాను.

పది రోజులకు మరక పైకొచ్చింది. అత్తను ఎత్తుకొచ్చి చూపించాను. చేత్తో దాన్ని తడిమి, “గీడనే ఉండె నా కొడుకు,” అంది. ఆ చలికాలంలో అత్త పోయింది.

మరుసటి ఏడు సున్నం వేశాక మరక మళ్ళీ వచ్చింది, కానీ పలచగా, వెతికితేనే కనబడేట్టు. మూడో ఏడు పది రోజులు చూశాను. నెల చూశాను. గోడ తెల్లగానే ఉంది.

విధవ తలకు నూనె పెట్టకూడదనేవాళ్ళు. దీపంలో పోసే ఆముదం తీసి తలకు పట్టించుకున్నాను. తెల్లవారుజామున మొదటిసారి ఆయన పీట మీద కూర్చుని గోడకు తల ఆనించాను. రోజూ అట్లాగే కూర్చున్నాను. ఊపిరినేమీ చూడలేదు, మరక కోసమే కూర్చున్నాను.

వచ్చింది. ఆయన తల ఉండే చోటికి జానెడు కిందికి.