మారు వడ్డన

మా మలంచా సందులోకి పొద్దున్నే మురీలమ్మే బండి వస్తుంది. ఇసుకలో అప్పుడే వేయించిన మురీల కమ్మటి వాసన మెట్లెక్కి మా మూడో అంతస్తు వరండా దాకా వస్తుంది. మురీలంటే మరమరాలే. సిక్కోలు, విజీనారం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ రైల్వేలో పాతుకుపోయిన మాలాంటి వాళ్లం వాటిని అలాగే అంటాం. ఆ వాసన తగలగానే నేను వంటింటి అలమరలోంచి లోతు తక్కువ స్టీలు గిన్నె ఒకటి తీస్తాను. ఒకప్పటి నాలుగు గిన్నెల టిఫిన్ కేరేజీలో అన్నిటికన్నా పైన ఉండే గిన్నె అది. అడుగున చుక్కలు చుక్కలుగా సింహాచలం అని మా నాన్న పేరు పొడిపించి ఉంటుంది. నేను తినే తిండంతా ఇప్పుడు ఆ గిన్నెలోనే.

పోయినేడు కలకత్తాలో నాకు ఆపరేషన్ చేసి, కడుపు పైభాగం చుట్టూ సన్నటి పట్టీ ఒకటి వేశారు. దాన్నే బ్యాండు అంటారు. చర్మం కింద అమర్చిన చిన్న బిళ్లలోకి సూదితో కాస్త మందునీళ్లు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. వదులుగా ఉన్నన్నాళ్లూ నా ఆకలి నా మాట వినలేదు. ఒకసారి కాస్త ఎక్కువ బిగించారు, ఇడ్లీ ముక్క గుండెల దగ్గర అడ్డం పడి, కళ్లనీళ్ల పర్యంతమై సింకు దగ్గరకు పరిగెత్తాను. "ఎంత బిగువు సరిపోతుందో మీ ఒళ్లే చెప్పాలి, మీరు దాని మాట వినడం నేర్చుకోవాలి" అంది డాక్టరమ్మ. నాతోపాటు వచ్చిన మిగతా పేషెంట్లు మొహమొహాలు చూసుకున్నారు. నేను మాత్రం లోపల్లోపల నవ్వుకున్నాను, ఎందుకంటే ఆ చదువు మా ఇంట్లో నా పదో ఏట జరిగింది. చదివినవాడు మా నాన్న, చదివించింది మా అమ్మ.

మాది తినే వంశం. ఇది చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఎనభైల్లో నాన్న రైల్వే వర్క్‌షాపులో స్మితీ షాపులో, అంటే కొలిమి పనిలో, హేమర్‌మేన్. ఎర్రగా కాలిన ఇనుము ముందు పొద్దంతా నిలబడి సుత్తి ఎత్తేవాడు. సైరన్ మోగగానే సైకిళ్లన్నీ వరదలా గేటు బయటికి వచ్చేవి. మేం పిల్లలం క్వార్టర్స్ వీధిలో తొక్కుడుబిళ్ల ఆపేసి, బొగ్గు మసి కొట్టుకుపోయిన మొహాల్లోంచి ఎవరి నాన్నను వాళ్లం ఏరుకునేవాళ్లం. ఎండాకాలం మజ్జిగ కలిపిన చోడంబలి, అంటే రాగి అంబలి, ఉల్లిపాయ, ఎండు నెత్తళ్ల వేపుడు. వానాకాలం గోల్‌బజార్ నుంచి సైకిల్ హేండిల్‌కు తగిలించుకుని తెచ్చిన ఇలీష్ చేప, దానికి బెంగాలీల ఆవాలు, మన చింతపండు రెండూ వేసి అమ్మ పెట్టే పులుసు. చలికాలం కొత్త ఈతబెల్లం వాసన వీధి మొదట్లోనే ఎదురొచ్చేది, ఆ నెలంతా కుడుములే. నాన్న తింటుంటే చూడటానికి ముచ్చటగా ఉండేది, హడావిడి లేకుండా, కింద మెతుకు పడకుండా, కొండంత అన్నాన్ని నేలమట్టం చేసేవాడు. వర్క్‌షాపులో ఇంకెవ్వరికీ నాలుగు గిన్నెల కేరేజీ ఉండేది కాదు. అందుకే ఆయనతో పనిచేసే, మన తెలుగు కాస్త అర్థమయ్యే బెంగాలీ హరి దాదా ఆయనకు 'చార్‌తలా' అని పేరు పెట్టాడు, నాలుగంతస్తుల మేడ అని అర్థం. షాపంతా ఆ పేరే. నాన్నకు ఆ పేరు వింటే మెడ ఒక అంగుళం పొడుగయ్యేది.

మా ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. ఎవరికీ ఒక్కసారి వడ్డించి ఊరుకోకూడదు. మారు వడ్డించాలి, గరిటెడైనా సరే, రెండోసారి కంచంలో పడాలి. ఒక్క వడ్డనతో లేపేయడం పరాయివాళ్లను సాగనంపినట్టు. తినేవాడు మర్యాదకు "సాలు సాలు" అంటాడు, పెట్టేవాళ్లు అది విననట్టే ఇంకో గరిటె వేస్తారు, తినేవాడు తల వంచుకుని తినేస్తాడు. మా వాళ్లలో చాలు అన్న మాటను నమ్మిన మనిషిని నేను చిన్నప్పుడు చూడలేదు.

అలాంటి నాన్నకు కడుపులో పుండు. ఏళ్ల తరబడి సోడా తాగి, గుప్పిట్లో జీలకర్ర నమిలి నెట్టుకొచ్చాడు. ఒక వేసవిలో కొలిమి దగ్గరే రక్తం కక్కుకుని పడిపోయాడు. ఆసుపత్రిలో కడుపు చాలావరకు కోసి తీసేశారు. ఇంటికొచ్చిన మనిషిని చూస్తే హేంగర్‌కు తగిలించిన చొక్కాలా ఉన్నాడు. ముసలి బెంగాలీ డాక్టరుగారు ఓపిగ్గా అన్నీ చెప్పాడు. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినాలి, మెత్తగా నమలాలి, తింటూ నీళ్లు తాగకూడదు, కొన్నాళ్లు తీపి వద్దు. ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పాడు. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ అయిన మర్నాడు మళ్లీ చూస్తానని, అప్పటికి బరువు నిలబడి ఒంట్లో సత్తువ వస్తేనే స్మితీ షాపుకు పంపుతానని, లేకపోతే లైట్ డ్యూటీ రాస్తానని. లైట్ డ్యూటీ అంటే స్టోరు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని టోకెన్లు అందివ్వడం.

నాన్న ఆ రోజు గోడకు తిరిగి పడుకున్నాడు. "సుత్తి ఒగ్గేసి స్టూలెక్కితే నానింక మనిసినేటి?" అన్నాడు. ఆయన నోట అలాంటి మాట నేను వినడం అదే మొదటిసారి, నాకు ఏడుపొచ్చింది.

ఇక వీధి వీధంతా కదిలింది. మంచిగానే కదిలింది. పక్క క్వార్టరు బెంగాలీ మాసీ పాయేష్, అంటే వాళ్ల పాలపాయసం, తెచ్చింది, ఎదురింటి పార్వతి పిన్ని నేతి గారెలు తెచ్చింది, ఎవరొచ్చినా "కొంచెమే, నా సేత్తో" అని దగ్గర కూర్చుని తినిపించేవాళ్లు. నాన్న "సాలు" అనేవాడు, ఎవరు నమ్ముతారు? పాయేష్ తిన్న కాసేపటికే ఆయనకు చెమటలు పట్టి, గుండె దడదడలాడి, మంచానికి అడ్డంగా వాలిపోయాడు. నీరసమనుకుని మా అమ్మ గ్లూకోజు నీళ్లు కలిపి తాగించింది. అది ఇంకా ముంచింది. డాక్టరుగారు వద్దన్న తీపినే నీళ్లలో కలిపి పోశామని అమ్మకు తర్వాత అర్థమైంది. దాంతో బెదిరిపోయి రెండో కొసకు వెళ్లింది. ఎవర్నీ గుమ్మం ఎక్కనివ్వలేదు, నాన్నకు పలచటి గంజి తప్ప ఏమీ పెట్టలేదు. ఆయన చెంపలు ఇంకా లోపలికి పోయాయి. ముందు మరీ వదులు, తర్వాత మరీ బిగువు. నా బ్యాండు కథ అంతా అప్పుడే జరిగిపోయిందని నేను అనేది ఇందుకే.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ ఆ కేరేజీని ముందేసుకుని చాలాసేపు కూర్చుంది. అది వాడక దుమ్ము పట్టి ఉంది. పైగిన్నె విప్పి, కడిగి, దాన్నిండా మెత్తగా ఉడికిన అన్నం, ముద్దపప్పు కలిపింది. సగం మాత్రం కంచంలో పెట్టింది.

"ఏటిది, పిచ్చుకకి పెట్టినట్టు?" అన్నాడు నాన్న.

"తిను మావా. మారేత్తాను గదా" అంది అమ్మ. నాన్న ఆవిడకు సొంత మేనమామే, పెళ్లయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు.

ఆయన నెమ్మదిగా నమిలి తిన్నాడు. అమ్మ వెంటనే గరిటె ఎత్తలేదు. లేచి పెరట్లోకి వెళ్లి, తీగ మీద ఆరిన బట్టలన్నీ తీసి, ఒక్కొక్కటీ మడతపెట్టి, అప్పుడొచ్చి ఎదురుగా కూర్చుంది. కేరేజీ గిన్నెలో మిగతా సగం అలాగే ఉంది.

"ఇప్పుడు సెప్పు. సాలా, మారెయ్యాలా?"

"నీ ఇట్టం."

"నా ఇట్టం కాదు. నీ కడుపునడుగు. మరేదకి సెప్పకు. నువ్వు సాలంటే సాలే, నాను మల్లీ అడగను."

నాన్న తెల్లబోయాడు. ఆయన పుట్టి పెరిగిన ఇళ్లలో ఎవరూ ఆయన్ను ఈ ప్రశ్న ఇలా అడిగి ఉండరు. కాసేపు పొట్ట మీద చెయ్యి వేసుకుని, ఎక్కడో దూరంగా రైలు వస్తోందా అని వింటున్నవాడిలా కూర్చున్నాడు. తర్వాత "సగం గరిటెయ్యి" అన్నాడు. అమ్మ సరిగ్గా సగం గరిటె వేసింది. ఆ పూట ఆయనకు చెమటలు పట్టలేదు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. మారు వడ్డన పోలేదు, మా ఇంటి మర్యాద ఎక్కడికీ పోలేదు, రెండు వడ్డనల మధ్య మాత్రం కాస్త తీరిక వచ్చి చేరింది. ఆ తీరికలో అమ్మ బట్టలు మడిచేది, తులసికి నీళ్లు పోసేది, బియ్యంలో రాళ్లు ఏరేది. ఒక్కోసారి నాన్న "సాలు" అనేవాడు. మొదట్లో ఆ మాట వినగానే అమ్మ చెయ్యి గరిటె మీదకు దానంతటదే పోయేది, బలవంతాన వెనక్కి లాక్కునేది. మాసీకి కూడా అమ్మే వచ్చీరాని బెంగాలీలో నచ్చజెప్పింది. మాసీ పాయేష్ మానేసి, సాయంత్రాలు ఉప్పు, పచ్చిమిర్చి లేకుండా పొడి మురీలు చిన్న పొట్లంలో తెచ్చేది. నాన్న వాటిని ఒక్కొక్కటే నములుతూ గుమ్మంలో కూర్చునేవాడు. వానలు తగ్గి రైలు కట్టల వెంట రెల్లు పూసేసరికి ఆయన చెంపలు కొద్దిగా నిండాయి, మళ్లీ సైకిల్ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు వర్క్‌షాపు గేట్లు ఇళ్లవాళ్లకు కూడా తెరిచేవారు. పైన ఆకాశం నిండా గాలిపటాలు, లోపల ప్రతి మిషనుకూ బంతిపూల దండలు. చల్లారిన కొలిముల పక్కన సుత్తులన్నీ బొట్లు పెట్టించుకుని వరసగా ఆనుకుని ఉన్నాయి. నాన్న తన సుత్తి ఏదో దూరం నుంచే నాకు చూపించాడు, పూజనాడు దాన్ని తాకకూడదు. ఆ తర్వాత షాపులోనే బంతి భోజనాలు. సాల చెట్టు ఆకుల విస్తళ్లలో ఖిచిడీ, కలగూర, టమోటా చట్నీ, చివర పాయేష్. అమ్మ భయం అమ్మది. ఇక్కడ మొహమాటానికి పోయి తిని పడిపోతే చూడటానికి షాపంతా ఉంది, ఫోర్‌మేన్ ఉన్నాడు, తెల్లారితే డాక్టరు దగ్గర చూపించుకోవాలి. ఆడవాళ్ల వరసలోంచి ఆవిడ కళ్లు నాన్న విస్తరి మీదే ఉన్నాయి.

హరి దాదా పెద్ద బకెట్టు పట్టుకుని వచ్చాడు. "చార్‌తలా వచ్చేశాడు" అని అందరికీ వినబడేలా బెంగాలీలో అని, ఒక గరిటె ఖిచిడీ వేసి, రెండోది ఎత్తాడు. నాన్న విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాలు దాదా."

"ఆర్ ఎక్‌టూ నావ్, సింహాచలం" అన్నాడు హరి దాదా, ఇంకొంచెం పట్టమని. గరిటె గాల్లోనే ఉంది. చుట్టుపక్కల వాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. నాన్న చెయ్యి తియ్యలేదు. కొలిమి ముందు ఏనాడూ వెనక్కి తగ్గని ఆ చెయ్యి అక్కడ కూడా తగ్గలేదు. "ఇప్పుడు సాలు దాదా. నానే పిలుత్తాను" అన్నాడు. హరి దాదా మొహం చిన్నబోయింది, బకెట్టుతో ముందుకు కదిలాడు.

నాన్న తాపీగా తిన్నాడు. పక్కవాళ్లు రెండో వడ్డన, మూడో వడ్డన అయిపోయి చట్నీకి వచ్చారు. అప్పుడు ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత షాపంతా వినబడేలా, "హరి దాదా, మారు పట్టుకురా" అని కేకేశాడు. హరి దాదా పరిగెత్తుకొచ్చాడు. "సగం గరిటె" అన్నాడు నాన్న. సగం గరిటే పడింది. పాయేష్ వచ్చినప్పుడు దణ్ణం పెట్టి పంపేశాడు. లేచి, చెయ్యి కడుక్కుని, నిటారుగా నడిచి మా దగ్గరకు వచ్చాడు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ క్షణాన ఆ షాపులో మా నాన్నంత మొనగాడు లేడని నాకు అనిపించింది. ఇప్పటికీ ఆ అభిప్రాయం మార్చుకోలేదు.

మర్నాడు డాక్టరుగారు బరువు తూచి, చేతులు పట్టి చూసి, స్మితీ షాపుకే పంపించాడు. అమ్మ కేరేజీలో పైన రెండు గిన్నెలు తీసేసి, కింది రెంటినీ కమ్మీకి గుచ్చి ఇచ్చింది, ఒకటి పదింటికి, ఒకటి మధ్యాహ్నానికి. గేటు దగ్గర దాన్ని చూసి హరి దాదా "దోతలా" అని అరిచాడట, రెండంతస్తుల మేడ అని. నాన్న ఇంటికొచ్చి ఆ మాట చెప్పి కడుపు పట్టుకుని నవ్వాడు. రిటైరయ్యే దాకా ఆయన అక్కడే, ఆ సుత్తితోనే పనిచేశాడు.

ఆయన ఇప్పుడు లేడు, హరి దాదా లేడు. మా క్వార్టర్ల వరస కూలగొట్టేశారు, తొక్కుడుబిళ్ల గళ్లు గీసిన చోట పిచ్చిమొక్కలు. సైకిళ్ల వరదలు లేవు. బంతిలో కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించేవాళ్లు లేరు. పెళ్లిళ్లలో ఎవరి ప్లేటు వాళ్లం పట్టుకుని నిలబడుతున్నాం, ఎవరికి ఎంత సరిపోయిందో అడిగేవాళ్లే ఉండరు. నాన్న ఆకలి నాకు వచ్చింది, దాంతోపాటు మోకాళ్ల నొప్పులు, సుగరు వచ్చాయి, చివరకు ఈ బ్యాండు వచ్చింది. కలకత్తా డాక్టరమ్మ పోయిన నెల చివరిసారి సరిచేసి, ఇక ఇదే మీకు సరైన బిగువు అంది. మీరు త్వరగా నేర్చుకున్నారని మెచ్చుకుంది కూడా. మా అమ్మ దగ్గర చదువుకున్నానని చెప్పాను.

అమ్మ నాతోనే ఉంటుంది. వయసు మీదపడినా వంటింటి పెత్తనం వదల్లేదు. ఇవాళ పొద్దున మురీల ఉప్మా చేసి, నాన్న పేరున్న గిన్నెలో వేసి, సగం నా కంచంలో పెట్టింది. నెమ్మదిగా లేచి వరండాలోకి వెళ్లి బట్టలు తీసింది. ఇప్పుడు ఆవిడ చేతులు వణుకుతాయి, ఒక్కో చీర మడవడానికి చాలాసేపు పడుతుంది, నాకూ అంత తీరిక దొరుకుతుంది. తర్వాత వచ్చి ఎదురుగా కూర్చుని గరిటె ఎత్తింది.

"సాలా, మారెయ్యాలా?"

పొట్ట మీద చెయ్యి వేసుకుని విన్నాను. "సాలమ్మా" అన్నాను.

అమ్మ గరిటె పక్కన పెట్టేసి, గిన్నెకు మూత పెట్టింది.