చెవిలో చెప్పిన పేరు

రోములో జనం గుమిగూడే నడిబొడ్డు మైదానం, ఫోరమ్‌కు పోయే దారి మలుపులో ముప్పై ఏళ్లుగా వేయించిన శనగలు అమ్ముతున్నాను. ఎన్నికలు దగ్గరపడితే చాలు, పెద్దమనుషులకు నా శనగల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. సుద్దపొడి రుద్దించి తళతళలాడే టోగాలు కప్పుకొని వస్తారు. ‘సాల్వియా, బాగున్నావా?’ అని చేయి పట్టుకుంటారు. వాళ్లు వెళ్లాక చూసుకుంటే నా చేతికీ సుద్దే, శనగలకూ సుద్దే. గెలిచాక నేనెవరో, వాళ్లెవరో. వాళ్ల గొప్పలు చెప్పడానికి వేరే మనుషులున్నారు. నేను చెప్పేది వాళ్లలో ఒకడి వెనక అరడుగు దూరంలో నడిచిన హిలారుస్ గురించి.

హిలారుస్ బానిస. ఎదురొచ్చేవాడి పేరు యజమాని చెవిలో వేయడం అతని పని. రోములో ఓటున్నవాడిని పేరు పెట్టి పలకరించకపోతే ఆ ఓటు గాలికి పోయినట్టే. రొట్టెలవాడి పేరు, వాడి మామగారి పేరు, వాడి గాడిదకు మొన్న వచ్చిన జబ్బు, అన్నీ హిలారుస్ నాలుక చివరే ఉండేవి. హిలారుస్ అంటే నవ్వుమొహం. బానిసల సంతలో బేరగాడే ఆ పేరు పెట్టి, పలక మీద రాసి మెడలో వేలాడదీశాడట. అప్పుడు అతను వెక్కి వెక్కి ఏడుస్తున్నాడట.

యజమాని టైటస్ ఫుల్కీనియస్‌ది మరుపు కాదు, ఒట్టి బద్ధకం. ఇరవై ఆరేళ్లుగా పేరు కావలసినప్పుడల్లా తల ఎడమ పక్కకు వంచేవాడు, చెవిలో పేరు పడేది. అదృష్టం బాగుండి మా ఆచారం ప్రకారం అతని కూతుళ్లిద్దరికీ ఇంటిపేరే పేరు. ఇద్దరూ ఫుల్కీనియాలే. లేకపోతే ఇంట్లో కూడా తల వంచేవాడు. హిలారుస్‌ను మాత్రం ‘ఒరేయ్’ అని పిలిచేవాడు.

ఆ ఏడు అతను ఈడైల్ పదవికి నిలబడ్డాడు. వీథులూ, అంగళ్లూ, పండగ ఆటలూ ఈడైల్ చేతిలో ఉంటాయి. రేపు అందరికన్నా పెద్ద అధికారి, కాన్సుల్ కావాలని కలలు కనేవాళ్లు తొక్కే మెట్టు అది. “గెలిపించరా, ప్రీటర్ ఎదుట నిలబెట్టి నిన్ను విడిపిస్తా” అని హిలారుస్‌కు మాటిచ్చాడు. ప్రీటర్ అంటే న్యాయం చూసే అధికారి. ఆయన ముందు విడుదలైన బానిస అప్పటినుంచి పౌరుడు.

“విడుదలైతే ఏం చేస్తావురా?” అని అడిగాను.

“ముందు కంటినిండా నిద్రపోతా అక్కా. ఆ తర్వాత ఎవరి పేరూ గుర్తుపెట్టుకోను, నీది తప్ప.”

“నాదీ వద్దులే నాయనా. శనగలు ఊరికే అడగడానికేగా!”

ఎన్నికలకు వారం ముందు నా బుట్ట దగ్గరే కొంప మునగబోయింది. కంచరగాడిదలు తోలేవాళ్ల పెద్ద కాల్వెంటియస్ ఎదురొచ్చాడు. అతని మాట మీద ఒక తెగ మొత్తం ఓటేస్తుంది. ఎప్పుడూ ఉండే గడ్డం ఆ రోజు లేదు. యజమాని తల వంచాడు. హిలారుస్ అతన్ని పోల్చుకోలేకపోయాడు. నాకు అంత దగ్గరలో ఉన్నాడు కాబట్టి అతను గొణిగింది వినబడింది.

“పెద్దవాడు దొరా... అన్నా అనండి.”

“అన్నా! ఎన్నాళ్లకు కనబడ్డావు!” అని ఫుల్కీనియస్ చేతులు చాచి కావలించుకున్నాడు.

కాల్వెంటియస్ పొంగిపోయాడు. “చూశార్రా? గడ్డం తీసేస్తే మా ఆవిడే గుమ్మంలో ఆపి ఎవరు నువ్వంది. దొర ఇట్టే గుర్తుపట్టాడు!”

మా ఊళ్లో ఓట్లు తెగల లెక్కన చూస్తారు, ముప్పై అయిదు తెగల్లో పద్దెనిమిది వస్తే గెలుపు. ఫుల్కీనియస్‌కు సరిగ్గా పద్దెనిమిదే వచ్చాయి.

ఆ తర్వాత రెండు నెలలు రేపు, ఎల్లుండి అన్నాడు. చివరికి ఒక ఉదయం హిలారుస్‌ను ప్రీటర్ ముందుకు తీసుకెళ్లాడు. నేను బుట్ట మీద గుడ్డ కప్పేసి పరుగెత్తాను. ప్రీటర్ బంటు హిలారుస్ తలకు బెత్తం తాకించాడు. ఇక యజమాని అతని చేయి పట్టుకుని, ఫలానా మనిషికి స్వేచ్ఛ ఇస్తున్నానని అనాలి. ఆ మాట పలికాకే చేయి వదలాలి.

ఫుల్కీనియస్ గొంతు సవరించుకున్నాడు. “ఈ...” అని ఆగాడు. అలవాటుగా తల ఎడమ పక్కకు వంచాడు.

“వీడి పేరేంట్రా?”

జనం గొల్లున నవ్వారు. ప్రీటర్ దగ్గు నటించాడు. నాకైతే బుట్ట తీసి ఆ సుద్ద మొహం మీద విసరాలనిపించింది. హిలారుస్ ముందుకు వంగి, ఎప్పటిలాగే చెవిలో చెప్పాడు.

“ఈ దీజాస్ అనే మనిషికి స్వేచ్ఛ ఇస్తున్నాను!” అని ఫుల్కీనియస్ బిగ్గరగా అని చేయి వదిలేశాడు.

గుమాస్తా రాసుకున్నాడు: టైటస్ ఫుల్కీనియస్ దీజాస్. విడుదలైనవాడికి యజమాని పేర్లు రెండూ వస్తాయి, చివర తన పేరు ఉంటుంది. సమాధి రాతి మీద కూడా ఇక అదే.

దారి పొడుగునా ఫుల్కీనియస్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. “ఇరవై ఆరేళ్లు! కుక్కనైనా పేరు పెట్టి పిలుస్తారు కదరా!”

“తిట్టకక్కా” అన్నాడు. అతను నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు. “దీజాస్ మా అమ్మ పెట్టిన పేరు. థ్రేస్ దేశంలో మా ఊళ్లో అందరూ అలానే పిలిచేవాళ్లు.”

“మరి ఇన్నేళ్లూ నాకైనా చెప్పలేదేం?”

“నువ్వూ అడగలేదుగా అక్కా. ఈ ఊళ్లో నా పేరడిగిన మొదటి మనిషి ఆయనే.”